ఆ దినము ఎవరిది?

మనుజునకు లభించిన సంపదలలో తిరిగి సంపాదింపరానిది దినము ఒక్కటే. పోయిన ధనము మరల రావచ్చును. చెడిన ఆరోగ్యము వైద్యముచే కుదుటపడవచ్చును. గడచిన దినము మాత్రము ఎవ్వరికిని తిరిగి రాదు. అట్టి దినమును ఏ లాభమును ఆశింపక, ఏ దైవదర్శనమును కోరక, కేవలము కొండల మీద నడచుటకై వెచ్చించుట ధర్మమా? అది కాలమును వృథాపుచ్చుట కాదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదిగా తోచును. కాని మారిషస్ ద్వీపమునందలి తెలుగు కుటుంబములలో ఇది చిన్న ప్రశ్న కాదు. దీని వెనుక అనేక తరముల చెమట కలదు.

మోకా జిల్లాలోని ఒక పల్లెలో ఒక శనివారము రాత్రి ఈ ప్రశ్న పుట్టినది. ఆ యింటి తాతగారు చెరకుతోటలో బాల్యమునుండి వృద్ధాప్యము వరకు పనిచేసి విశ్రాంతి పొందినవారు. మనుమడు పట్టణమున ఒక కార్యాలయములో లెక్కలు చూచు ఉద్యోగి. ఇంట అందరును క్రియోల్ భాషనే మాట్లాడినను, తాతగారితో మాత్రము ఆ యువకుడు వచ్చిన కొద్దిపాటి తెలుగులోనే మాట్లాడును. ఆ రాత్రి అతడు సంచిలో నీళ్ళ సీసాలు, ఫరాటాలు, అచారు సర్దుకొనుచుండగా తాతగారు అడిగిరి.

“రేపెక్కడికి నాన్నా?”

“కొండల మీదికి తాతా. ఓరీ కొండ కాడ మొదలెట్టి ల పూస్ దాకా గట్టు మీదే నడుస్తాం.”

“అక్కడ ఏటుంది?”

“ఏటీ లేదు తాతా. నడవడమే.”

“గుడి లేదా?”

“లేదు.”

“మరి ఏటి తెస్తావు?”

మనుమడు నవ్వెను. సమాధానము చెప్పలేదు. చెప్పలేకపోయెను అనుటయే నిజము.

తాతగారి ప్రశ్నను పాతకాలపు మాటగా కొట్టివేయుట సులభము. కాని ఆయన దృష్టిలో కొండ ఎక్కుటకు రెండే కారణములు కలవు. ఒకటి బరువు, రెండవది భక్తి. కట్టెల కొరకో, పశువుల గడ్డి కొరకో కొండవాలు ఎక్కవచ్చును. లేదా దేవుని కొరకు ఎక్కవచ్చును. ఆయన పూర్వులు విడిచివచ్చిన సీమలో సింహాచలము మెట్లు ఎక్కి అప్పన్నను దర్శించువారు. తిరుమలకు కాలినడకను పోవువారు ఏడుకొండలను దాటి స్వామి సన్నిధికి చేరుదురు. సముద్రము దాటి వచ్చినను సింహాద్రి అప్పన్న పూజను ఇచ్చటి తెలుగువారు మరువలేదు. కనుక కొండ మీద దేవుడున్నచో ఆయాసమునకు అర్థము కలదు. దేవుడును లేడు, కట్టెపుల్లయు రాదు అన్నచో ఆ ఆయాసమునకు అర్థమేమి?

మరునాడు జూలై మాసపు ఆదివారము. నవంబరునుండి ఏప్రిల్ వరకు తుఫానుల భయముండు ఆ ద్వీపమునకు జూలై చలికాలము. వేకువన ఆగ్నేయపు గాలి పలుచగా వీచుచుండెను. చెరకు వెన్నులు తీసి, పొలములన్నియు వెండి పొగవలె కనబడుచుండెను. ఆకాశమున మేఘము లేదు. అయిదుగురు స్నేహితులు పొలముల అంచున బయలుదేరి, చైనా జామ పొదల మధ్యగా ఓరీ కొండ ఎక్కిరి. సూర్యుడు పొడిచిన కొంతసేపటికే వారు గట్టు మీదనుండిరి.

ఈ పర్వతముల పుట్టుక విచిత్రమైనది. సుమారు 80 లక్షల సంవత్సరముల క్రిందట సముద్రమునుండి తల ఎత్తిన ఒక మహాగ్నిపర్వతము కాలక్రమమున కూలి, అరిగి, దాని అంచు ముక్కలు మాత్రము ద్వీపమధ్యపు పీఠభూమి చుట్టును విరిగిన గోడవలె మిగిలెను. ఆ గోడలో ఒక భాగమే మోకా పర్వతశ్రేణి. పడమట ఓరీ కొండ మొదలుకొని, జంక్షన్ శిఖరము, స్నెయిల్ రాక్ మున్నగు వానిని దాటి, బొటనవ్రేలు ఎత్తినట్లుండు ల పూస్ వరకు ఆ గోడ సాగును. అచ్చటినుండి తూర్పునకు పీటర్ బోత్, దాని తల మీద పడబోవుచున్నట్లు నిలిచిన పెద్ద గుండును కనబడును. ల పూస్ ఎత్తు 812 మీటర్లు. పీటర్ బోత్ 820 మీటర్లు. ద్వీపమున అన్నిటికంటె ఉన్నతమైన శిఖరమే 828 మీటర్లు. హిమాలయముల మాట విన్నవారికి ఇవి పర్వతములుగా తోచకపోవచ్చును. కాని ఒక ప్రక్క నగరమును, సముద్రమును, మరియొక ప్రక్క చెరకు పొలములును పాదముల క్రిందనే పరచుకొని యుండగా, వీని మీద నిలిచినవానికి ఎత్తు మీటర్లలో తెలియదు.

గట్టు మీది నడకలో ఒక ప్రత్యేకత కలదు. ఒకే కొండ ఎక్కువాడు శిఖరము చేరినంతనే తన పని ముగిసినదని తలచును. గట్టు వెంట నడచువానికి అట్టి సంతృప్తి లేదు. చేరిన శిఖరమును దిగినగాని తరువాతి శిఖరము రాదు. ఎంతో శ్రమించి సంపాదించిన ఎత్తును తన కాళ్ళతోనే పోగొట్టుకొని, మరల మొదటినుండి ఎక్కవలెను. ఆ అయిదుగురును అట్లే ఎక్కుచు, దిగుచు, కొన్ని చోట్ల వేళ్ళను పట్టుకొని ప్రాకుచు సాగిరి. ఎడమ చేతి ప్రక్క పోర్ట్ లూయీ వైపునకు లోతైన లోయలు. కుడి చేతి ప్రక్క మోకా వైపునకు పచ్చని వాలు. పొడవైన తెల్లని తోక గల సముద్రపక్షులు వారి పాదములకు దిగువన తిరుగుచుండెను. పక్షి వీపును పైనుండి చూచుట మానవునకు తరచుగా దొరకు భాగ్యము కాదు. మధ్యాహ్నమునకు వారు ల పూస్ మీద కూర్చుండి ఫరాటాలు తినిరి. ఉత్తరమున సముద్రములో కోయిన్ ద మిర్ ద్వీపము స్పష్టముగా కనబడెను. క్రింద ఓడరేవున నౌకలు బొమ్మలవలె నుండెను.

అంతయు ఆనందమే. అయినను శిఖరము మీద కూర్చున్న మనుమనికి తాతగారి ప్రశ్న గుర్తునకు వచ్చెను. ఏమి తీసికొనిపోవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు, ఒక దినము విలువ ఆ గట్టుకు దిగువన ఒకప్పుడు ఏ విధముగా లెక్కింపబడెనో తెలిసికొనవలెను.

1834 మొదలుకొని 1920 వరకు దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు మారిషస్ తీరమున దిగిరి. వారు దిగిన అప్రవాసీ ఘాట్ యొక్క 16 రాతిమెట్లు ల పూస్ శిఖరము నుండి కనబడు ఆ ఓడరేవులోనే కలవు. 2006లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండియు, విశాఖపట్టణపు ప్రాంతమునుండియు వచ్చిన తెలుగువారిని ఇచ్చటివారు కోరంగీలని పిలిచిరి. ఊరి పేరే జాతి పేరయ్యెను.

ఆ కూలీల కాలమున తోటలలో “రెట్టింపు కోత” అను పద్ధతి యుండెను. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయబడును. అనగా జ్వరముతో పండుకొన్నను, బిడ్డను దహనము చేసి వచ్చినను, యజమాని ఒప్పుకొననిచో ఆ దినము వానిది కాదు. అంతమాత్రమే కాక, దానిని తీసికొన్నందులకు మరియొక దినమును అపరాధముగా చెల్లింపవలెను. లోకమున దొంగసొత్తునకే అట్టి దండన విధింతురు. కూలివాడు తన దినమును తానే దొంగిలించినట్లు ఆ లెక్క చెప్పుచున్నది.

ఒప్పందము ముగిసిన తరువాతనైనను విముక్తి కలిగెనా? 1867లో చేసిన శాసనము ప్రకారము, ఒప్పందకాలము ముగించిన “పాత వలసదారుడు” తన ఛాయాచిత్రము అంటించిన టికెట్టును, పోలీసుల అనుమతి పత్రమును వెంట నుంచుకొనవలెను. తన జిల్లా విడిచి తగిన పత్రము లేక వేరొకచోట కనబడినవాడు తిరుగుబోతుగా ఎంచబడి పట్టుబడును. తిరుగుబోతులను పట్టుటకు వేటగాండ్రవలె పోలీసులు గుంపులుగా బయలుదేరు దినములు కూడ యుండెను. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోటదారుని సహాయముతో 9,401 మంది పాత వలసదారులు ఈ బాధలను విన్నవించుచు గవర్నరునకు అర్జీ పెట్టుకొనిరి. దాని ఫలితముగా 1872లో రాజవిచారణ సంఘము ఆ ద్వీపమునకు వచ్చి, అర్జీలోని మొరలు పెక్కు నిజమని గ్రహించెను.

ఇప్పుడు మరల గట్టు మీదికి పోవుదము. మోకా పర్వతశ్రేణి జిల్లాల సరిహద్దు. ఇటు మోకా, అటు పోర్ట్ లూయీ. గట్టు మీద నడచువాని కుడికాలు ఒక జిల్లాలో, ఎడమకాలు మరియొక జిల్లాలో పడును. ఒక్క ఉదయములో ఆ అయిదుగురును ఎన్ని మారులు సరిహద్దు దాటిరో లెక్కలేదు. పని లేక, పత్రము లేక, కారణము లేక, ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు తిరుగుట. 1867 నాటి శాసనము దృష్టిలో ఇంతకంటె స్పష్టమైన అపరాధము లేదు. వారు చేసిన పని పేరు నేడు విహారము. ఆ దినములలో దాని పేరు నేరము.

దీనివలన ఒక విషయము తేటపడుచున్నది. ప్రయోజనము లేని నడక అనునది ప్రయోజనము లేనిది కాదు. అది ఒకప్పుడు ఒక జాతికి నిషేధింపబడిన వస్తువు. “ఎక్కడికి పోవుచున్నావు? ఎందుకు?” అని అడుగు అధికారము ఎవరికిని లేకపోవుటయే స్వేచ్ఛకు గుర్తు. తాతగారు ప్రేమతో అడిగిన ప్రశ్ననే ఒకనాడు పోలీసువాడు కర్రతో అడిగెను. రెండు ప్రశ్నలును ఒకటి కావు. కాని రెండవదానికి భయపడి బ్రదికిన తరములవారి ఇంటిలోనే మొదటిది పుట్టినదని మరువరాదు. పనిలేక తిరుగుట ప్రమాదకరమని వారు అనుభవముచే నేర్చి, పిల్లలకు నేర్పిరి. ఆ భయమే క్రమముగా నీతిగా మారెను.

ఇచ్చట ధర్మశాస్త్రము చదివినవారు ఒక మాట చెప్పుదురు. ఫలమును ఆశింపక కర్మ చేయుమని భగవద్గీత బోధించుచున్నది గదా. ఫలము లేని కొండనడక నిష్కామకర్మయే గదా. మన పూర్వులును తమ శ్రమఫలమును అనుభవింపకయే శ్రమించిరి గదా. కనుక ఇరువురును ఒకే మార్గమున నడచినవారే అని.

ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. కాని నిజము కాదు. ఫలమును విడుచుటకు ముందు ఫలము తనదై యుండవలెను. చేతిలోని పండును అతిథికి సమర్పించినవాడు త్యాగి. చేతిలోని పండును బలవంతుడు లాగుకొనగా చూచుచుండినవాడు త్యాగి కాడు, వంచితుడు. కూలివాని దినమును రెట్టింపు కోతతో తీసికొని, అతడు నిష్కామకర్మ చేసెనని పొగడుట రెండవ వంచన. అతనికి కోరిక లేకపోలేదు. బిడ్డకు చదువు, ఇంటికి కప్పు, పండుగకు కొత్త బట్ట, ఊరికి తిరిగి పోవుటకు ఓడ చార్జీ, ఇవన్నియు అతడు కోరెను. అతని కోరికలను పూజ్యములుగా స్మరించుటయే అతనికి గౌరవము. వానిని తుడిచివేసి అతనిని ఋషిగా చిత్రించుట గౌరవము కాదు.

అట్లే గట్టు మీద నడచినవాడును నిష్కామి కాడు. అతడు ఆనందము కోరెను, పొందెను. ఆ ఆనందమును చూచి సిగ్గుపడనక్కరలేదు. పూర్వులు కష్టపడిరి గనుక సంతతివారు కూడ కష్టమునే అనుభవింపవలెనను నియమము ఏ ధర్మములోను లేదు. ఏ కూలితల్లియు తన మునిమనుమడు తనవలె రాళ్ళు మోయవలెనని కోరియుండదు. ప్రశ్న ఆనందింపవచ్చునా అనునది కాదు. ఆనందించిన పిమ్మట ఏమి చేయవలెను అనునదే ప్రశ్న.

ఈ సందర్భమున ల పూస్ మీదనుండి కనబడు పీటర్ బోత్ శిఖరపు కథ ఆలోచింపదగినది. 1615లో ఈ తీరమున ఓడ మునిగి మరణించిన ఒక డచ్చి గవర్నర్ జనరల్ పేరు దానికి నిలిచినది. కొండ నెత్తిన గుండు నిలబడి యున్నందున అది చాలకాలము ఎక్కరానిదిగా పేరుపొందెను. 1832 సెప్టెంబరులో లాయిడ్ అను బ్రిటిషు కెప్టెనును, మరికొందరు అధికారులును నిచ్చెనలతో, త్రాళ్ళతో దానిని ఎక్కి తమ జెండాను ఎగురవేసిరి. వారిలో ఒకరు వ్రాసిన వృత్తాంతము అచ్చయినది. అందులో ఒక విషయము కలదు. నిచ్చెన అందని చోట, నిట్టనిలువు రాతి చీలిక వెంట, నడుమునకు సన్నని త్రాడు కట్టుకొని అందరికంటె ముందు ఎగబ్రాకినవాడు లాయిడ్ గారి నల్లజాతి సేవకుడు. అతడు పైనుండి బిగించిన త్రాటి ఆధారముతోనే తక్కినవారు ఎక్కిరి. అధికారుల పేర్లు గ్రంథమునకెక్కినవి. త్రాడు మోసినవాని పేరు ఎక్కలేదు. అప్పటికి ఆ ద్వీపమున బానిసత్వము రద్దు కాలేదు. 1835 ఫిబ్రవరి 1న గాని అది తొలగలేదు.

నాలుగేండ్ల తరువాత, 1836 మే 2న, చార్లెస్ డార్విన్ ల పూస్ శిఖరమును ఎక్కి ద్వీపమునంతను చూచెను. ఆ ద్వీపమున ఆయనకు ఆతిథ్యమిచ్చినది ఆ లాయిడ్ గారే. డార్విన్ కొండలను మాత్రమే చూడలేదు. బాటలు వేయుటకు తేబడిన భారతీయ ఖైదీలను చూచి, వారి ముఖములలోని గంభీరతకు ఆశ్చర్యపడి తన గ్రంథమున వ్రాసెను. కాని వారిలో ఒక్కనికైనను ఆయన గ్రంథమున పేరు లేదు.

శిఖరము ఎవరిది? పేరు వ్రాసికొన్నవారిదా, త్రాడు మోసినవారిదా? నిజము చెప్పవలెనన్నచో ఏ శిఖరమును ఒంటరిగా ఎక్కినవాడు లేడు. చైనా జామ పొదల మధ్య దారి యున్నదన్నచో ముందు ఎవరో నడచిరి. నడచుటకు ఆదివారము సెలవు కలదన్నచో ముందు ఎవరో పోరాడిరి. నడచువాని చేతిలో జీతము మిగిలినదన్నచో ముందు ఎవరో పస్తుండి బిడ్డను బడికి పంపిరి. గట్టు మీది మనుమడు పైకి చూచినప్పుడు శిఖరము కనబడును. ఆ శిఖరము వరకు బిగించిన త్రాడు కనబడదు. దానిని చూడగల చూపును సంపాదించుటయే విద్య.

ఆ పేరు లేనివారి పేర్లు అంతయు పోలేదు. గట్టుకు కుడి ప్రక్క దిగువన, మోకాలో, మహాత్మా గాంధీ సంస్థ కలదు. ఒప్పంద కూలీల పట్టికలు అచ్చట భద్రపరుపబడి యున్నవి. వచ్చినవాని సంఖ్య, పేరు, తండ్రి పేరు, ఊరు అందు కలవు. తరువాతి కాలపు వారి ఛాయాచిత్రములును కలవు. తిరుగుబోతును పట్టుటకు తీసిన చిత్రమే నేడు ముత్తాతను గుర్తుపట్టుటకు ఆధారమైనది. చరిత్రలో ఇట్టి విపరీతములు కలవు. కొండ మీదికి పోవుటకు ఒక దినము తీసికొన్నవారు, ఆ కొండ క్రిందనున్న పట్టికలను చూచుటకు మరియొక దినము తీసికొనినచో, ఆ రెండు దినములును ఒకదానినొకటి నిండుచేయును.

మంచి వాతావరణమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. మేఘము లేని ఆ ఆదివారమున గట్టు మీద నడచినవానికి అది తన నేర్పువలె తోచుట సహజము. కాని ఎండ వాని సొత్తు కాదు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీ నగరమున కొద్ది గంటలలో కురిసిన కుంభవృష్టికి 11 మంది మరణించిరి. ఆనాడు ఈ పర్వతముల నీరే పొంగి నగరమున పడెను. ల పూస్ పేరనే నగరము మధ్యగా పారు ఏరు ఒడ్డులు దాటెను. ఒకే కొండ ఒకనికి ఆనందమును, మరియొకనికి ఆపదను ఇచ్చును. పుట్టిన కాలము కూడ వాతావరణము వంటిదే. 1867లో పుట్టి పోలీసు పత్రము మోసినవాడు పాపాత్ముడు కాడు. నేడు పుట్టి స్వేచ్ఛగా నడచువాడు పుణ్యాత్ముడును కాడు. ఒకనికి తుఫాను తగిలెను, ఒకనికి ఎండ దొరకెను. దొరకిన ఎండకు గర్వపడరాదు. తుఫానులో నున్నవానిని మరువరాదు.

తుఫానులో నున్నవాడు చరిత్రలో మాత్రమే యున్నాడనుకొనుట పొరపాటు. సాయంకాలము ఆ అయిదుగురును ల పూస్ దిగి, చెరకు పొలముల మధ్యగా పెద్దబాటకు వచ్చి, బస్సు కొరకు నిలిచిరి. అచ్చట సున్నపు మరకల బూట్లతో ముగ్గురు యువకులు బస్సు కొరకు ఎదురుచూచుచుండిరి. ఒప్పందము మీద బంగ్లాదేశమునుండి వచ్చి కట్టడపు పని చేయువారు. నేడు ఆ దేశమునుండియు, భారతదేశము, నేపాలు, మడగాస్కర్లనుండియు వేలాది శ్రామికులు ఇట్లే ఒప్పందముల మీద వచ్చి ఆ ద్వీపమున పనిచేయుచున్నారు. మాటల మధ్య వారిలో ఒకడు హిందీలో అడిగెను, కొండ మీద ఏమున్నదని. రెండేండ్లనుండి పనిచోటినుండి ఆ బొటనవ్రేలిని చూచుచున్నామని, ఎక్కుటకు మాత్రము దినము దొరకలేదని చెప్పెను. అతని మాటలో ఫిర్యాదు లేదు. ఎండ కాయుచున్నదని చెప్పినంత సహజముగా చెప్పెను.

మనుమనికి ఆ మాట గుచ్చుకొనెను. తన ముత్తాత ఓడ దిగిన ద్వీపమున, అదే కొండ క్రింద, మరియొకడు తన దినమును గూర్చి చెప్పుచున్నాడు. నాటి శాసనములు నేడు లేవు. నేటి శ్రామికునకు చట్టమున హక్కులు కలవు. అయినను దూరదేశమున అప్పు తీర్చుటకు వచ్చినవానికి, భాష రానివానికి, హక్కు కాగితము మీద నుండుటయు, దినము చేతిలో నుండుటయు వేరు వేరు. ఈ భేదమును ఇతరులు పుస్తకములలో చదివి తెలిసికొనవలెను. కూలీల సంతతివారికి అది ఇంటి విద్య. ఇంటి విద్యను మరచినవాడు ఎన్ని శిఖరములు ఎక్కినను క్రిందనే యున్నాడు.

కనుక ప్రారంభమున వేసికొన్న ప్రశ్నకు ఇట్లు సమాధానము చెప్పవచ్చును. లాభము లేని ఒక దినమును కొండల మీద గడపుట వృథా కాదు. అది పూర్వులు పొందలేకపోయిన సంపదను అనుభవించుట. కాని వారసత్వమున ఆస్తి వచ్చినప్పుడు ఋణమును వచ్చును. ఆస్తిని అనుభవించుచు ఋణమును కాదనువానిని లోకము మెచ్చదు. ఇచ్చట ఆస్తి ఒక దినము. ఋణమును ఒక దినమే. తనకు దొరకిన దినము తన ప్రక్కన పనిచేయువానికిని దొరకవలెనని కోరుట, ఆ కోరిక కొరకు తన మాటను, పరపతిని, అవసరమైనచో తన సుఖమును కొంత వెచ్చించుట, ఇదియే ఆ ఋణము తీర్చు మార్గము. తనకు మాత్రమే కలిగిన స్వేచ్ఛ గట్టు మీది ఒక్క శిఖరము వంటిది. దానిని దిగి మరల ఎక్కినగాని నడక పూర్తి కాదు.

ఆ రాత్రి మనుమడు ఇల్లు చేరునప్పటికి తాతగారు వసారాలో కూర్చుండి యుండిరి.

“ఏటి తెచ్చావు నాన్నా?”

మనుమడు సంచిని క్రింద పెట్టి ఆయన ప్రక్కన కూర్చుండెను. పైనుండి కనబడిన వానినన్నిటిని చెప్పెను. ఓడరేవు, సముద్రము, పక్షుల వీపులు, చెరకు వెన్నులు. బస్సు కొరకు నిలిచిన యువకుని మాటయు చెప్పెను. తాతగారు అంతయు విని, కొంతసేపు ఊరకుండి, అడిగిరి.

“మా రాళ్ళ కుప్పలు కనబడ్డాయా?”

చెరకు పొలముల మధ్య నల్లరాళ్ళు పేర్చిన కుప్పలు ఆ ద్వీపమున నేటికిని పెక్కు చోట్ల కలవు. నాగలి సాగుటకై పొలములోని రాళ్ళను ఏరి, తలల మీద మోసి, తరతరముల కూలీలు పేర్చిన కుప్పలవి. యంత్రములు తిరుగుటకై ఇటీవలి కాలమున వానిలో కొన్నిటిని తొలగించిరి. మిగిలినవి కొండ మీదినుండి చూచువానికి పచ్చని వస్త్రము మీద నల్లని చుక్కలవలె నుండును.

“కనబడ్డాయి తాతా.”

“ఎన్నున్నాయి?”

మనుమడు లెక్కపెట్టలేదు. ఆ మాటయే చెప్పెను.

“ఈసారి ఎక్కినప్పుడు లెక్కెట్టు,” అని తాతగారు లేచి లోపలికి పోవుచు ఒక్క క్షణము ఆగిరి. “ఆ కుర్రోళ్ళకి సెలవు దొరికిన్నాడు ఆళ్ళనీ తీసుకెళ్ళు. ఫరాటాలు మీ నాయనమ్మ చేస్తది.”